సైన్డ్ శాంపిల్‌ని అన్‌సైన్డ్‌గా మారిస్తే క్వాలిటీ పోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: పాత ట్రాకర్ల (చిన్న చిన్న శబ్దాలని పేర్చి పాట కట్టే ప్రోగ్రాములు) కాలం నాటి 8 బిట్ శాంపిల్స్, అంటే ఆ చిన్న రికార్డింగులు, ఒక ఫోల్డర్ నిండా ఉన్నాయి, సగానికి పైగా వాటికి హెడర్ (డేటాని ఎలా చదవాలో ఫైల్ మొదట్లో చెప్పే భాగం) కూడా లేదు, ఉత్త రా డేటా. కొన్ని లోడ్ చేస్తే శుభ్రంగా మోగుతున్నాయి, కొన్నిట్లో ట్యూన్ తెలుస్తోంది గానీ దాని మీద ఒకటే గరగర. ఎవరో సైన్డ్, అన్‌సైన్డ్ (మైనస్ అంకెలున్న పద్ధతి, లేని పద్ధతి) మార్చి చూడమంటే అన్నిటినీ మార్చేశారు. చెడ్డవి కొన్ని బాగయ్యాయి, బాగున్నవి కొన్ని చెడిపోయాయి. ఇలా అటూ ఇటూ తిప్పడం వల్ల క్వాలిటీ ఏమైనా పోయిందా, మొత్తం ఫోల్డర్‌కి ఒక స్క్రిప్ట్ రాసి పడేస్తే పనైపోతుందా అని మీ సందేహం.

క్వాలిటీ పోదు. వందసార్లు తిప్పినా పోదు, ఎందుకంటే ఈ మార్పిడిలో శాంపిల్‌లోని ప్రతి అంకెకీ (దాన్నీ శాంపిల్ అనే అంటారు) మారేది ఒక్క బిట్, అది కూడా మళ్ళీ తిప్పితే ఉన్నచోటికే వచ్చేస్తుంది. అసలు తలనొప్పి మార్పిడిలో లేదు. డేటా ఏ రకందో తెలుసుకోకుండా మార్చడంలో ఉంది, లేదా డేటా సరిగ్గానే ఉండి సాఫ్ట్‌వేర్ దాన్ని తప్పుగా చదువుతుంటే డేటాని పట్టుకుని మార్చడంలో ఉంది. స్క్రిప్ట్ సంగతి తర్వాత చెప్తాను, అందులో చాలా గోతులున్నాయి.

8 బిట్లంటే 256 మెట్లు. స్పీకర్ ముందుకీ వెనక్కీ కదలాలి కాబట్టి మధ్యలో ఎక్కడో ఒక నిశ్శబ్దపు గీత ఉండాలి. అన్‌సైన్డ్‌లో మెట్లకి 0 నుంచి 255 వరకు నంబర్లేస్తారు, నిశ్శబ్దం 128 దగ్గర. సైన్డ్‌లో మైనస్ 128 నుంచి ప్లస్ 127 వరకు, నిశ్శబ్దం సరిగ్గా 0 దగ్గర. సైన్డ్‌లో మైనస్ అంకెల్ని టూస్ కాంప్లిమెంట్ పద్ధతిలో దాస్తారు, అంటే మైనస్ 1 బైట్‌గా 255, మైనస్ 2 అయితే 254, మైనస్ 128 అయితే 128. ఒక రకం నుంచి ఇంకో రకానికి వెళ్ళాలంటే 128 కలపాలి, 255 దాటితే 256 తీసేయాలి. ఇప్పుడు బైనరీలో చూడండి, 128 అనేది అన్నిటికంటే పై బిట్ ఒక్కదాని విలువ. దాన్ని కలిపితే కింది ఏడు బిట్లకి ఏమీ కాదు, పై బిట్ 0 ఉంటే 1 అవుతుంది, 1 ఉంటే 0 అయ్యి, మిగిలిన క్యారీ బయటికి పడిపోతుంది. అంటే 128 కలపడం, 128 తీసేయడం, పై బిట్‌ని ఎక్సార్‌తో తిప్పడం, మూడూ ఒకటే పని. అందుకే ట్రాకర్లలో సైన్డ్ నుంచి అన్‌సైన్డ్‌కి ఒక బటన్, అన్‌సైన్డ్ నుంచి సైన్డ్‌కి ఇంకో బటన్ ఉండవు, రెండింటికీ ఒకటే బటన్ ఉంటుంది.

తప్పుగా చదివితే ఆ గరగర ఎందుకొస్తుందో ఒకసారి లెక్కేసి చూస్తే తర్వాత ఏ ఫైల్ చూసినా ఇట్టే పట్టేస్తారు. ఒక డ్రమ్ హిట్ చివర, మోత తగ్గిపోతున్న చోట, సైన్డ్ విలువలు 3, 0, మైనస్ 2 అని ఉన్నాయనుకుందాం. బైట్లుగా అవి 3, 0, 254. ప్రోగ్రామ్ వీటిని అన్‌సైన్డ్ అనుకుంటే ఒక్కోదాంట్లోంచి 128 తీసేసి మైనస్ 125, మైనస్ 128, ప్లస్ 126 అని వాయిస్తుంది. వినపడీ వినపడనట్టు ఉండాల్సిన చోట స్పీకర్ ఈ చివర నుంచి ఆ చివరికి కొట్టుకుంటుంది. అదే దెబ్బ గట్టిగా పడ్డ చోట 100, మైనస్ 100 ఉన్నాయనుకోండి, బైట్లుగా 100, 156, చదివాక మైనస్ 28, ప్లస్ 28. గట్టిది మెత్తగా, మెత్తనిది గట్టిగా తలకిందులైపోయింది. వేవ్ సున్నా గీతని దాటిన ప్రతిసారీ ఒక పెద్ద గెంతు పడుతుంది. ట్యూన్ వినిపిస్తూనే ఉంటుంది, కారణం ఆ గెంతులు పడేది అసలు వేవ్ లయలోనే. కానీ శబ్దం తగ్గే కొద్దీ రొద పెరుగుతుంది, చివర్లో తోక మరీ ఘోరంగా ఉంటుంది. ఈ లక్షణం ఒక్కటి గుర్తుపెట్టుకోండి: మామూలు క్లిప్పింగ్‌లో (శబ్దం పరిమితి దాటి తల తెగిపోవడం) గట్టి చోట్ల గరగర వస్తుంది, సైన్ తప్పితే మెత్తటి చోట్ల వస్తుంది.

మిగతా తప్పులు వేరేగా వినిపిస్తాయి. శాంపిల్ రేట్ (సెకనుకి ఎన్ని అంకెలు) తప్పు చెప్తే శబ్దం శుభ్రంగానే ఉండి శ్రుతి మాత్రం పైకో కిందికో పోతుంది. 16 బిట్ ఫైల్‌ని 8 బిట్ అనుకుంటే నిడివి రెట్టింపు అవుతుంది, మీద ఇసుక పోసినట్టు రొద. 16 బిట్‌లో రెండు బైట్ల వరస తారుమారైతే దాదాపు అంతా హోరే, ఆ హోరు వెనకాల ఎక్కడో పాట ఉన్నట్టు అనుమానం వస్తుంది అంతే. స్టీరియోని మోనో అనుకుంటే నిడివి రెట్టింపు, శ్రుతి ఒక ఆక్టేవ్ కిందికి. వీటిలో దేనికీ సైన్ మార్చే బటన్ మందు కాదు. చాలామంది గరగర వినగానే ఆ బటన్ నొక్కేస్తారు, అప్పటిదాకా ఒక తప్పు ఉన్న ఫైల్‌కి రెండో తప్పు తగులుతుంది.

డీసీ ఆఫ్‌సెట్ తీసేసే బటన్‌తో దీన్ని బాగుచేయాలని చూసేవాళ్ళు కూడా ఉన్నారు. అది కుదరదు. డీసీ ఆఫ్‌సెట్ అంటే వేవ్ మొత్తం ఒక పక్కకి జరగడం, దాన్ని వెనక్కి జరిపితే సరి. సైన్ తప్పితే వేవ్ జరగదు, మధ్యలో తెగి పై ముక్క కిందికీ కింది ముక్క పైకీ వెళ్తుంది. స్క్రీన్ మీద చూస్తేనే తెలిసిపోతుంది, మధ్యగీత దగ్గర ఖాళీగా, పైన కింద అంచులకి అతుక్కుని నల్లగా రెండు పట్టీల్లా కనిపిస్తుంది.

ఇక అసలు విషయం, డేటానా లేబులా అనేది. ఫైల్‌లో ఉన్న బైట్లు ఒకటి, వాటిని ఎలా చదవాలో చెప్పే సమాచారం ఇంకొకటి. రా ఫైల్‌లో ఆ సమాచారం లేదు, అందుకే లోడ్ చేసేటప్పుడు మీరు చెప్పాలి. అక్కడ సరిగ్గా చెప్తే డేటాని ఏమీ మార్చక్కర్లేదు. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో ఫైల్ మెనూలో ఇంపోర్ట్, అందులో రా డేటా అని ఉంటుంది, అది సైన్డ్ 8 బిట్టా అన్‌సైన్డ్ 8 బిట్టా, బైట్ ఆర్డర్ ఏది, ఎన్ని ఛానెళ్ళు, మొదట్లో ఎన్ని బైట్లు వదిలేయాలి, శాంపిల్ రేట్ ఎంత అని వరసగా అడుగుతుంది. అక్కడ ఎన్‌కోడింగ్ ఒక్కటి మార్చి ఇంకోసారి తెస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఓపెన్ ఎంపీటీ అనే ట్రాకర్ కూడా రా శాంపిల్ తెచ్చేటప్పుడు ఇవే అడుగుతుంది. కమాండ్ లైన్‌లో నడిచే ఎఫ్ఎఫ్ఎంపెగ్ వాడితే ఫార్మాట్ పేరు ఇన్‌పుట్ ఫైల్ పేరుకి ముందే ఇవ్వాలి, సైన్డ్ అయితే ఎస్8, అన్‌సైన్డ్ అయితే యు8. తర్వాత ఇస్తే దాన్ని అవుట్‌పుట్‌కి అనుకుంటుంది. ఇంకో సంగతి, వేవ్ ఫైల్‌గా రాయమంటే అది మామూలుగా 16 బిట్‌కి మార్చి రాస్తుంది, 8 బిట్‌గానే కావాలంటే కోడెక్ పేరు కూడా విడిగా చెప్పాలి.

వేవ్ ఫైల్ విషయంలో ఒక నియమం ఉంది, ఇది తెలియక జరిగే తప్పులే ఎక్కువ. వేవ్‌లో 8 బిట్ పీసీఎం (కుదించని శాంపిల్ డేటా) ఎప్పుడూ అన్‌సైన్డ్. 16, 24, 32 బిట్ ఇంటీజర్ ఎప్పుడూ సైన్డ్. హెడర్‌లో సైన్డా కాదా అని చెప్పే గడి అసలు లేనే లేదు, బిట్ల సంఖ్య చూసి ప్రోగ్రామే నిర్ణయించుకుంటుంది. కాబట్టి సైన్డ్ 8 బిట్ వేవ్ అనేది ఉండదు. మీరు వేవ్ ఫైల్ తెరిచి అందులోని 8 బిట్ డేటాని సైన్డ్‌గా మార్చి అదే హెడర్‌తో సేవ్ చేస్తే, రూల్ ప్రకారం చదివే ప్రతి ప్లేయర్‌లోనూ అది గరగరమంటుంది. మీ దగ్గర బాగున్నవి చెడిపోయాయన్నారు కదా, వాటిలో వేవ్ ఫైళ్ళు ఉంటే జరిగింది ఇదే అయ్యుంటుంది.

ఏఐఎఫ్ఎఫ్ దీనికి సరిగ్గా వ్యతిరేకం. యాపిల్ 1988లో తెచ్చిన ఈ ఫార్మాట్‌లో 8 బిట్ కూడా సైన్డే, పైగా 16 బిట్‌లో పెద్ద బైట్ ముందు వస్తుంది. వేవ్ 1991లో మైక్రోసాఫ్ట్, ఐబీఎం కలిసి తెచ్చినది, అందులో చిన్న బైట్ ముందు. ఒకే శబ్దాన్ని రెండు ఫార్మాట్లలో 8 బిట్‌గా సేవ్ చేసి హెడర్లు పీకేసి పక్కపక్కన పెడితే ప్రతి బైట్‌లోనూ పై బిట్ తేడాగా కనిపిస్తుంది, ఇంకేమీ ఉండదు.

ఇలా రెండు రకాలు ఎందుకు పుట్టాయంటే హార్డ్‌వేర్ వల్ల. చవకైన డీఏసీకి (అంకెల్ని వోల్టేజ్‌గా మార్చే చిప్) ఇచ్చే అంకె 0 అయితే బయటికి 0 వోల్టులు, 255 అయితే పూర్తి వోల్టేజ్. దానికి మైనస్ అంటే ఏమిటో తెలియదు, కాబట్టి అన్‌సైన్డే సహజం, మధ్యగీత సర్దుబాటు తర్వాత వచ్చే కెపాసిటర్ చూసుకుంటుంది. పాత సౌండ్ బ్లాస్టర్ కార్డుల్లో 8 బిట్ అన్‌సైన్డ్ కావడం, పీసీలో వీఓసీ, వేవ్ ఫైళ్ళు అదే దారి పట్టడం అందుకే. అమిగా కంప్యూటర్‌లోని పాలా చిప్ మాత్రం 8 బిట్ సైన్డ్ తీసుకునేది. 1987లో కార్‌స్టెన్ ఒబార్‌స్కి రాసిన అల్టిమేట్ సౌండ్‌ట్రాకర్ పుట్టింది ఆ యంత్రం మీదే, కాబట్టి దాని పాట ఫైళ్ళైన మాడ్‌లలో శాంపిల్స్ సైన్డ్. పీసీ మీద పుట్టిన స్క్రీమ్ ట్రాకర్ 3 వాడే ఎస్3ఎం ఫైళ్ళలో ఎక్కువగా అన్‌సైన్డ్, ఏది అన్నది హెడర్‌లో ఒక అంకె చెప్తుంది, 1 అయితే సైన్డ్, 2 అయితే అన్‌సైన్డ్. ఇంపల్స్ ట్రాకర్ ఐటీ ఫైల్‌లో ఒక్కో శాంపిల్‌కి విడివిడిగా ఒక ఫ్లాగ్ ఉంటుంది. మీ ఫోల్డర్‌లో ఉన్నవి ఏ ఏ చోట్ల నుంచి పీకినవో తెలిస్తే సగం పని అయిపోయినట్టే: అమిగా నుంచి వచ్చినవి సైన్డ్, పీసీ ఆటల్లోంచి వచ్చిన 8 బిట్ ఎక్కువగా అన్‌సైన్డ్.

ఫాస్ట్ ట్రాకర్ 2 వాడే ఎక్స్ఎం ఫార్మాట్ కొంచెం తిరకాసు. అందులో శాంపిల్ విలువలు నేరుగా ఉండవు, ముందు శాంపిల్‌కీ దీనికీ తేడా ఎంతో ఆ తేడాలు ఉంటాయి. ఆ తేడాల మీద పై బిట్ తిప్పితే ఏమవుతుందో ఆలోచించండి: ప్రతి తేడాకి 128 కలిసింది, వాటిని వరసగా కూడుకుంటూ పోతే ఒక శాంపిల్‌కి 128 అదనం, తర్వాతిదానికి 256 అంటే సున్నా, మళ్ళీ 128. ఒకటి విడిచి ఒకటి చెడిపోయి, చెవులు చిల్లులు పడే సన్నటి ఈల లాంటి రొద వస్తుంది. కాబట్టి ఎక్స్ఎం నుంచి చేత్తో డేటా పీకేవాళ్ళు ముందు తేడాలు విప్పాలి, తర్వాతే సైన్ సంగతి.

ఇప్పుడు తెలియని ఫైల్‌ని ఎలా గుర్తుపట్టాలి అనే దానికి వద్దాం. చేత్తో చూడాలంటే హెక్స్ ఎడిటర్ (బైట్లని ఉన్నవున్నట్టు చూపించే ప్రోగ్రామ్, అందులో 80 అంటే 128, ఎఫ్ఎఫ్ అంటే 255) తెరిచి మొదటి వరస, చివరి వరస చూడండి, శాంపిల్ మొదలయ్యే చోట, ముగిసే చోట ఎక్కువగా నిశ్శబ్దమే ఉంటుంది. అక్కడ 00, 01, ఎఫ్ఎఫ్, ఎఫ్ఈ లాంటివి కలగలిసి ఉంటే సైన్డ్. 7ఎఫ్, 80, 81 చుట్టూ తిరుగుతుంటే అన్‌సైన్డ్. పదిలో తొమ్మిదిటికి ఇది చాలు. ఒక చిన్న హెచ్చరిక, అన్‌సైన్డ్ ఫైల్ చివర కొన్ని ప్రోగ్రాములు అలవాటుగా సున్నాలు నింపేస్తాయి, కాబట్టి చివర్లో వరసగా అన్నీ 00 ఉంటే దాన్ని నమ్మకుండా ఇంకొంచెం వెనక్కి వెళ్ళి చూడండి.

స్క్రిప్ట్‌తో అయితే నేను వాడే పద్ధతి ఇది. బైట్లని ఒకసారి సైన్డ్‌గా, ఒకసారి అన్‌సైన్డ్‌గా చదవండి. రెండు సార్లూ పక్కపక్క శాంపిల్స్ మధ్య గెంతు ఎంతో, ప్లస్ మైనస్ పట్టించుకోకుండా, మొత్తం కూడండి. మొత్తం తక్కువ వచ్చిన రకమే సరైనది, ఎందుకంటే నిజమైన శబ్దం మెల్లగా పైకీ కిందికీ నడుస్తుంది, తప్పుగా చదివినది సున్నా దాటిన ప్రతిసారీ గెంతుతుంది. సగటు తీసి అది ఎక్కడుందో చూసే పద్ధతి కన్నా ఇది చాలా నమ్మకమైనది, డీసీ ఆఫ్‌సెట్ ఉన్న రికార్డింగులు సగటుని మోసం చేస్తాయి, దీన్ని మోసం చేయలేవు.

అయితే దీనికీ పప్పులుడకని చోట్లున్నాయి, అవి సరిగ్గా ట్రాకర్ ఫోల్డర్లలోనే ఎక్కువ ఉంటాయి. చిప్‌ట్యూన్‌ల (పాత వీడియో గేమ్ చిప్‌ల తరహా సంగీతం) కోసం చేసిన స్క్వేర్ వేవ్ తీసుకోండి, 100, మైనస్ 100 మధ్య మాత్రమే ఆడుతుంది. తప్పుగా చదివితే మైనస్ 28, ప్లస్ 28. ఇది కూడా చక్కటి స్క్వేర్ వేవే! గెంతు 200 బదులు 56, కాబట్టి స్క్రిప్ట్ తప్పుదాన్నే సరైనదంటుంది, చెవికి కూడా కొంచెం మెత్తగా ఉందనిపిస్తుందే తప్ప తప్పని తెలియదు. పూర్తి ఎత్తున్న సా వేవ్ ఇంకా చిత్రం, పై బిట్ తిప్పితే అదే సా వేవ్ సగం సైకిల్ పక్కకి జరుగుతుంది, అంతే, మోతలో ఏ తేడా ఉండదు. పూర్తి ఎత్తులో ఉన్న వైట్ నాయిస్ ఎలా చదివినా వైట్ నాయిసే. హై హ్యాట్, స్నేర్ లాంటివి నాయిస్‌తో చేసినవే అయినా వాటి తోక పట్టిస్తుంది: సరిగ్గా చదివితే సన్నబడుతూ పోయి ఆగిపోతుంది, తప్పుగా చదివితే తోక ఆగకుండా చివరి దాకా బర్రుమంటుంది. అందుకే స్క్రిప్ట్‌లో ఒక జాగ్రత్త పెట్టండి, రెండు మొత్తాలూ దగ్గరగా వచ్చినా, ఫైల్ కొన్ని వందల బైట్లకి మించకపోయినా, దాన్ని ముట్టుకోకుండా వేరే ఫోల్డర్‌లో పడేయాలి. ఆ కాసిని ఫైళ్ళు మీరు వేవ్‌ఫామ్ చూసి తేల్చుకోవడమే.

స్క్రిప్ట్‌లో గోతులన్నాను కదా. మొదటిది హెడర్. ఫైల్‌లో ఉన్న ప్రతి బైట్‌కీ పై బిట్ తిప్పేస్తే హెడర్‌లోని అక్షరాలు కూడా మారిపోయి, దాన్ని ఏ ప్రోగ్రామూ గుర్తుపట్టదు. మొదటి 44 బైట్లు వదిలేస్తే చాలని చాలా చోట్ల రాస్తారు, మామూలు వేవ్‌కి అది నిజమే గానీ మధ్యలో ఇతర చంకులు (పేరు, సైజు రాసి ఉండే ముక్కలు) ఉన్న ఫైళ్ళు బోలెడు, వాటిలో డేటా ఇంకా కిందెక్కడో మొదలవుతుంది. కొన్నిట్లో శబ్దం అయిపోయాక పేర్లు, లూప్ వివరాలు ఉంటాయి, వాటినీ తిప్పకూడదు. చంకుల్ని ఒక్కోటి చదువుకుంటూ డేటా చంక్ దాకా వెళ్ళి, అందులో రాసి ఉన్న సైజు వరకే మార్చండి. అన్నట్టు చంక్ సైజు బేసి సంఖ్య అయితే దాని తర్వాత ఒక ఖాళీ బైట్ ఉంటుంది, అది లెక్కేయకపోతే తర్వాతి చంక్ దొరకదు.

రెండోది భాష. సీలో క్యార్ అనే టైప్ సైన్డా అన్‌సైన్డా అన్నది కంపైలర్ ఇష్టం. ఇంటెల్ రకం యంత్రాల మీద సాధారణంగా సైన్డ్, ఏఆర్ఎం మీద లినక్స్‌లో సాధారణంగా అన్‌సైన్డ్. ల్యాప్‌టాప్‌లో చక్కగా పనిచేసిన కోడ్ చిన్న ఏఆర్ఎం బోర్డు మీద గరగరమనడానికి ఇది పాతకాలపు కారణం, ఇప్పటికీ జనం ఇందులో పడుతూనే ఉన్నారు. వెడల్పు, సైన్ రెండూ పేరులోనే ఉన్న 8 బిట్ టైపులే వాడండి. జావాలో బైట్ ఎప్పుడూ సైన్డే, 8 బిట్ వేవ్ చదివితే 255తో యాండ్ చేసి, అప్పుడు 128 తీసేయాలి. పైథాన్‌లో లెక్కల లైబ్రరీ నమ్‌పై వాడితే అన్‌సైన్డ్ 8 బిట్ అర్రేలోంచి నేరుగా 128 తీసేస్తే 100 కాస్తా 228 అవుతుంది. ఆ బైట్‌ని సైన్డ్‌గా చూస్తే అది మైనస్ 28, సరైనదే, కానీ అలా చూడకుండా అలాగే ఫ్లోట్‌కి (దశాంశ సంఖ్యలకి) పంపితే చెత్త వస్తుంది. ముందు 16 బిట్ సైన్డ్‌కి మార్చి, తర్వాత 128 తీసేయండి, గొడవుండదు. పైథాన్‌తో పాటు వచ్చే ఆడియోఆప్ మాడ్యూల్‌తో ఈ పని చేసే పాత స్క్రిప్టులు నెట్‌లో చాలా ఉన్నాయి, అది 3.13 వెర్షన్ నుంచి తీసేశారు, వాటి వెంట పడకండి.

మూడోది, మార్చే దారిలో ఇంకేవైనా పనులు కలిపేయడం. అన్‌సైన్డ్‌లో ఉండగా వాల్యూమ్ తగ్గించకూడదు. 128ని సగం చేస్తే 64, నిశ్శబ్దమే కిందికి జారిపోయింది. ఫేడ్ అవుట్ చేస్తే వేవ్ మొత్తం అడుగుకి దిగిపోయి తర్వాతి శాంపిల్ మొదలయ్యేటప్పుడు టప్‌మంటుంది. రెండు అన్‌సైన్డ్ శాంపిల్స్ కలిపితే నిశ్శబ్దం, నిశ్శబ్దం కూడి 256 అయ్యి పొంగిపోతుంది. నిడివి సర్దడానికి చివర సున్నాలు నింపితే అదీ టప్పే, అన్‌సైన్డ్‌లో నింపాల్సింది 128. ఏ లెక్క చేయాలన్నా ముందు సైన్డ్‌కో ఫ్లోట్‌కో తెచ్చుకుని, పనంతా అయ్యాక చివర్లో అన్‌సైన్డ్‌కి పంపండి. ఫ్లోట్‌కి 128తో భాగించాలా 127తోనా అనే వాదన ఎప్పటికీ తెగదు. నా మటుకు నేను రెండు దిక్కులా 128 వాడి, తిరిగొచ్చేటప్పుడు 127 దాటితే అక్కడే ఆపేస్తాను, అప్పుడు వెళ్ళిన ప్రతి విలువా అలాగే తిరిగొస్తుంది. 255 లోంచి విలువ తీసేయడం కూడా మార్పిడే అనుకునేవాళ్ళున్నారు. అది కాదు, అది వేవ్‌ని తలకిందులు చేయడం. విడిగా వింటే తేడా తెలియదు గానీ అలాంటి రెండు కిక్‌లని ఒకదాని మీద ఒకటి వేస్తే ఒకదాన్నొకటి తినేసి బాస్ మాయమవుతుంది.

16 బిట్‌లో కూడా సూత్రం ఇదే, 128 బదులు 32768. పై బిట్ మాత్రం పెద్ద బైట్‌లో ఉంటుంది, చిన్న బైట్ ముందొచ్చే ఫైల్‌లో అది రెండో బైట్, పెద్ద బైట్ ముందొచ్చే ఫైల్‌లో మొదటిది. తప్పు బైట్‌లో తిప్పితే పెద్దగా గరగర రాదు, చిన్న హిస్ లాంటిది కలుస్తుంది, అందుకే అది చాలాకాలం ఎవరూ గమనించకుండా ఉండిపోతుంది. 16 బిట్ అన్‌సైన్డ్ ఫైళ్ళు మీకు తగలడం అరుదు. 8 నుంచి 16కి పోవాలంటే సైన్డ్ చేసి 256తో గుణించండి, ఏమీ పోదు. 16 నుంచి 8కి వస్తే మాత్రం నిజంగానే క్వాలిటీ పోతుంది, దాని నింద సైన్ మార్పిడి మీద వేస్తుంటారు. అక్కడ డిథర్ (బిట్లు తగ్గినప్పుడు వచ్చే తేడాని కప్పడానికి కలిపే సన్నటి రొద) వేయడం మంచిది, సాక్స్ అనే ఆడియో టూల్ అయితే బిట్లు తగ్గించేటప్పుడు తనంతట తానే వేస్తుంది.

ఇక ఇప్పటికే చెడిపోయినవి. తప్పుగా చదివి 8 బిట్‌గానే సేవ్ అయి ఉంటే పై బిట్ తిప్పండి, అసలుది బైట్ తేడా లేకుండా వస్తుంది. తప్పుగా చదివి 16 బిట్ వేవ్‌గా సేవ్ చేసినా అంతే, మన 3 అక్కడ మైనస్ 32000 అయి ఉంటుంది, 16 బిట్‌ల పై బిట్ తిప్పితే 768, అంటే 3 ఇంటూ 256, సరిగ్గా ఉండాల్సిందే. మధ్యలో డిథర్ కలిసి ఉంటే అక్కడక్కడ చిటుకులు మిగలొచ్చు. వాల్యూమ్ మార్చి ఉంటే ఎంత మార్చారో తెలిస్తే వెనక్కి లాగొచ్చు గానీ అంత శుభ్రంగా రాదు. రీశాంపుల్ చేసి (శాంపిల్ రేట్ మార్చి) ఉన్నా, ఎంపీ3గా సేవ్ చేసి ఉన్నా ఆశ వదిలేయండి, ఆ గెంతుల మధ్యలో అసలు లేని విలువలు వచ్చి కూర్చుంటాయి, వాటిని ఏ బిట్ తిప్పినా వెనక్కి తేలేం. అలాంటివి అసలు ఫైల్ నుంచి మళ్ళీ మొదలుపెట్టాల్సిందే, కాబట్టి ఫోల్డర్‌కి ఒక కాపీ తీసి కాపీ మీదే పని చేయండి.

ఒక్కోటి చేత్తో చేసుకోవాలంటే ఓపెన్ ఎంపీటీ శాంపిల్ ఎడిటర్‌లో సైన్ మార్చే బటన్ ఉంది, స్కిజం ట్రాకర్‌లో అయితే పాత ఇంపల్స్ ట్రాకర్ లాగానే శాంపిల్ లిస్ట్‌లో ఆల్ట్ ఏ నొక్కితే చాలు. నచ్చకపోతే మళ్ళీ నొక్కండి. లూప్ పాయింట్లు ఎక్కడికీ పోవు, శాంపిల్స్ సంఖ్య మారదు కాబట్టి. మాడ్ ఫైల్ కోసం, అసలు అమిగా మీద వాయించడానికి సిద్ధం చేస్తుంటే మాత్రం మార్పిడి అయ్యాక మొదటి రెండు బైట్లు సున్నాలుగా ఉన్నాయో లేదో చూడండి. లూప్ లేని శాంపిల్ అయిపోయాక పాలా ఆ రెండు బైట్లనే తిప్పి తిప్పి చదువుతుంటుంది, అన్‌సైన్డ్ డేటాలో ముందే సున్నాలు పెట్టి తర్వాత తిప్పితే అవి మైనస్ 128 అయి కూర్చుంటాయి, శాంపిల్ ఆగిన ప్రతిసారీ టప్‌మంటుంది. ముందు తిప్పి, తర్వాత సున్నాలు పెట్టండి.